దీపాల కోటలో దొంగగోడ

పొద్దున షట్టర్ ఎత్తగానే మాడు వాసన గుప్పుమంది. ఇస్త్రీ బల్ల మీద ఐరన్ రాత్రంతా స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది. కింద పరిచిన దుప్పటి నల్లగా కాలి, అడుగున దూది పొర దాకా బొగ్గయింది. పక్కనే కొక్కేలకు వేలాడుతున్న ఉన్ని కోట్లు ఎలా అంటుకోలేదో దేవుడికే తెలియాలి. నేను ఒక్క గెంతు గెంతి ప్లగ్గు పీకేశాను. అక్క వాచిన చెంప మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. రెండు రోజులుగా పన్ను నొప్పితో విలవిల్లాడుతోంది పాపం.

"రాత్రి ఆఖర్న ఇస్త్రీ చేసింది..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాను.

అక్క నన్ను చూసింది, నేను అక్కను చూశాను. ఆ మాట ఇద్దరిలో ఎవరమూ పూర్తి చేయలేదు. అక్క వచ్చి కాలిన దుప్పటిని చుట్టచుట్టి చెత్తడబ్బాలో కుక్కింది.

"పాత ఐరనే కదా. లోపల ఏదో పోయుంటుంది," అంది.

తప్పు చేసిన మనిషి గొంతు అది అనుకున్నాను.

అమ్మకు మొదలైంది ఇలాగే. ముందు పొయ్యి మీద గిన్నె మాడింది. తర్వాత తాళంచెవులు పోయాయి. ఆ తర్వాత ఇంటికొచ్చే దారి పోయింది, చివరికి మా పేర్లు పోయాయి. అప్పటికి అమ్మకు యాభై కూడా నిండలేదు. ఇది వంశంలో దిగే జబ్బనీ, మా ఇద్దరిలో ఒకరికి రావచ్చు, ఇద్దరికీ రావచ్చు, అదృష్టం బాగుంటే ఎవరికీ రాకపోవచ్చనీ అప్పటి డాక్టరు చెప్పాడు. రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. ఇద్దరం బుద్ధిగా తలూపి వచ్చేశాం, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ సంగతి మా మధ్య ఎత్తుకోలేదు కూడా. ఇప్పుడు అక్క అమ్మ వయసుకు వచ్చింది. నేను తన వెనకాలే రెండేళ్ళ దూరంలో ఉన్నాను.

నా గురించి నాకు ఎప్పుడూ భయం వేయలేదు. మా ఇంట్లో జ్ఞాపకశక్తి అంటే నేనే. కాలర్ చూసి ఏ చొక్కా ఎవరిదో చెప్పేదాన్ని. ఎప్పుడో పోయిన బొత్తాం గురించి కూడా గుర్తుపెట్టుకుని మరీ దెబ్బలాడేదాన్ని. నా భయమల్లా అక్క గురించే.

పైగా అది మా లాండ్రీకి ఊపిరాడని సీజన్. చలి తగ్గిందంటే చాలు, ఊళ్ళో జనమంతా కోట్లూ రగ్గులూ తెచ్చి మా కౌంటర్ మీద పడేస్తారు. ఒక్కొక్క బట్టకూ అంకె వేసిన గుడ్డ ట్యాగు కాలర్ లోపల పిన్నుతో గుచ్చాలి. ఆ పని కౌంటర్లో ఎవరుంటే వాళ్ళది. ట్యాగు తప్పితే ఇక అంతే, ఒకరి బట్ట ఇంకొకరి ఒంటి మీదకు పోతుంది. అలాంటి రోజుల్లో అక్క బుర్ర పట్టు తప్పితే మా గతేమిటని ఆవిరి బట్టీ పక్కన నిలబడి చెమటలు కక్కుతూ ఆలోచించేదాన్ని.

సాయంత్రం షాపు కట్టేసి ఇంటికి బయల్దేరాక సగం దారిలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఐరన్ ఆపిందో లేదో ఈ మహాతల్లి! "గొడుగు మర్చిపోయా, నువ్వు పద," అని అక్కతో చెప్పి వెనక్కి తిరిగాను. సందు చివర టీ కొట్టతను పలకరిస్తే ఒక నిమిషం ఆగాను. తీరా షాపు దగ్గరికి వెళ్తే సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి అక్క చెప్పులు కనిపించాయి. అడ్డదారిన నాకంటే ముందే వచ్చింది. వంగి చూస్తే చెయ్యి ఐరన్ ప్లగ్గు మీద ఉంది.

"నువ్వేంటే?" అంది ఉలిక్కిపడి.

"గొడుగు," అన్నాను.

"నేనూ గొడుగు కోసమే."

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇద్దరం గొడుగులు లేకుండానే ఇంటికి నడిచాం. తనమీద తనకే నమ్మకం పోయింది కాబోలు, చూసుకోవడానికి వచ్చిందనుకుని నాకు ఏడుపొచ్చింది.

ఆ వారంలోనే అక్క ఆ ఆట కొనుక్కొచ్చింది.

ఆట పేరు దీపాల కోట. మా చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచులు విసిరేసి దానిముందు కూలబడేవాళ్ళం. అక్కది కత్తి పట్టిన యోధురాలు, నాది దీపం పట్టిన మంత్రగత్తె. దీపం పక్కన లేకపోతే కత్తికి అడుగు ముందు ఏముందో కనిపించదు, కత్తి లేకపోతే దీపాన్ని ఎవడో ఒక రాక్షసుడు ఊదేస్తాడు. కోటలో అక్కడక్కడా బావులు ఉంటాయి. బావి దగ్గర ఆగితేనే అప్పటిదాకా ఆడింది నిలుస్తుంది, లేదంటే చచ్చినప్పుడల్లా మొదటికే. ఇంకో నియమం కూడా ఉంది. ఇద్దరూ తెర మీద కనిపిస్తుంటేనే తెర ముందుకు జరుగుతుంది. నేను ఏ పెట్టెలు తెరుస్తూనో వెనకబడితే అక్క తెర అంచుకు ముక్కు ఆనించి ఉన్నచోటే నడుస్తుండేది. "రావే మొద్దూ! నీవల్ల తెర కదలట్లేదు!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. ఆ కేకలకు అమ్మ గరిటె పట్టుకుని వచ్చేది.

ఇన్నేళ్ళకు అదే ఆటకు కొత్త సున్నం కొట్టి, ఇప్పటి మిషన్లలో ఆడేలా మళ్ళీ వదిలారట. మిషన్ మా బావది. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. సెలవు రోజు దాంట్లో ఫుట్‌బాల్ ఆడి ఓడిపోయి రిమోట్ మీద కోపం చూపిస్తుంటాడు.

"జనం లిఫ్టుల్లో ఇరుక్కుంటే నేను లాగుతా. మీరిద్దరూ కోటలో ఇరుక్కుంటే లాగేదెవరు మరదలా?" అన్నాడు వైర్లు తగిలిస్తూ.

"నువ్వు ముందు ఆ వైరు సరిగ్గా పెట్టు బావా, కోట సంగతి మేం చూసుకుంటాం."

తెర వెలగగానే నోరు తెరిచాను. గడ్డిపోచలు గాలికి ఊగుతున్నాయి, దీపం వెలుగు గోడల మీద పాకుతోంది. అయితే అక్క ఒక బటన్ నొక్కగానే ఆ సొగసంతా పోయి, మా చిన్ననాటి గళ్ళగళ్ళ బొమ్మలు ప్రత్యక్షమయ్యాయి. పాత ఆటనీ కొత్త ఆటనీ రెంటినీ పెట్టారు, నచ్చినదాంట్లో ఆడుకోవచ్చు. కొత్తదాంట్లో తెర ఎవరికోసమూ ఆగదు. వెనకబడ్డవాళ్ళను నీటిబుడగలాంటి దాంట్లో పెట్టి, ముందున్నవాళ్ళ వెనకాల సామాన్లలాగా లాక్కుపోతుంది. మొదటిసారి నేను బుడగలో తేలుతుంటే బావ పడీ పడీ నవ్వాడు. అక్క నవ్వలేదు.

"ఈ తలుపు ఎలా తెరుచుకుంటుందే?" అంది అక్క కాసేపటికి.

ఆ తలుపు చిక్కు విప్పింది అక్కే. మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని, స్నానాలగదిలో ఉండగా తట్టి, ఒంటికి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అలాంటిది మర్చిపోయిందా?

"దీపం ఆర్పాలి. చీకట్లో తలుపు దానంతటదే తెరుచుకుంటుంది," అన్నాను.

"ఆఁ, అవునవును," అని ఊపిరి వదిలింది. "మరి ఈ ముసలాడు అడిగే పొడుపుకథకు జవాబు?"

అదీ చెప్పాను. ఆ సాయంత్రమంతా ఇదే వరస. అక్క అడగడం, నేను చెప్పడం. అక్క తెర కన్నా నా మొహమే ఎక్కువ చూస్తోంది. సాయం కోసం చూస్తోందనుకున్నాను. తన జ్ఞాపకం ఇంకా ఎంత మిగిలిందో కొలుచుకోవడానికే ఈ ఆట కొని తెచ్చిందనుకుని, నేనూ కొలవడం మొదలుపెట్టాను. అడిగిన ప్రతి ప్రశ్ననూ అక్క ఖాతాలో తప్పుగా వేసుకుంటూ పోయాను.

ఒకనాడు ఉతికిన కర్టెన్లు ఇవ్వడానికి పెద్దబజారు వెనక ఇంటికి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. నేను వచ్చేసరికి అక్క షట్టర్ పట్టుకుని వీధి వంకే చూస్తూ నిలబడి ఉంది. కౌంటర్ దగ్గర జనం గోల చేస్తున్నా పట్టించుకోవడంలేదు.

"ఏమైపోయావే?" అంది నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని.

"రోడ్డు తవ్వి పెట్టారక్కా. చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది."

అక్క పిల్లదాన్ని తీసుకెళ్ళినట్టు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, స్టూలు మీద కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది. షాపులో ఒక్కతే ఉండాలంటే భయపడుతోందని నాకు జాలేసింది. ఆనాటినుంచి బయటి పనులకు వెళ్ళడం తగ్గించేశాను. వెళ్తానన్నా అక్కే ఏదో ఒక వంక పెట్టి ఆపేది.

తర్వాత సంగీతం మాస్టారి కోటు గొడవ. ఆయన మా దగ్గర ఎప్పటినుంచో బట్టలు వేసే మనిషి, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. ఆ సాయంత్రం కచేరీ ఉందని నల్లకోటు కోసం వచ్చాడు. కవరు విప్పి తొడుక్కుంటే అందులో ఇంకో మాస్టారు పట్టేంత చోటుంది. ట్యాగు మీద అంకె మాత్రం ఆయనదే.

"అమ్మా, వారంలో నేను ఇంత చిక్కిపోలేదనుకుంటా," అన్నాడు ఆయన, అరచేతులు కనిపించకుండా పోయిన కోటు చేతులు రెండూ ఎత్తి చూపిస్తూ.

"నాదే పొరపాటు మాస్టారూ. ట్యాగు మార్చి గుచ్చాను. కళ్ళు పోయాయి నాకు," అంది అక్క గబగబా. నేను నోరు తెరిచేలోపే అనేసింది. ఆయన కోటు ఎవరికి వెళ్ళిందో కనుక్కుని, పరుగున వెళ్ళి తెచ్చింది కూడా తనే. మాస్టారు కచేరీకి ఆలస్యంగానైనా తన కోటులోనే వెళ్ళాడు. నేను మాత్రం లోపల మరకలు తీసే బల్ల దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇరవై ఏళ్ళుగా ఒక్క ట్యాగు తప్పని మనిషి!

ఇక లాభంలేదని ఆదివారం పొద్దున బావతో కదిపాను. బావ పెరట్లో ఏదో మోటారు విప్పుకుని కూచున్నాడు.

"బావా, నీకో మాట చెప్పాలి. కోపం తెచ్చుకోకు."

"నీమీద కోపం తెచ్చుకుంటే మీ అక్క నాకు భోజనం పెట్టదు. చెప్పు."

"అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం బావా. అమ్మకు వచ్చిందే అక్కకూ మొదలైందని నా భయం. ఐరన్ ఆపకుండా వచ్చేసింది. మాస్టారి కోటు మార్చేసింది. ఆటలో ఒక్క తలుపూ గుర్తు లేదు."

బావ చేతిలో స్క్రూడ్రైవరు జారి పడింది. తీసుకోవడానికి వంగి, చాలాసేపు వంగే ఉన్నాడు. ఎప్పుడూ దేనికో ఒకదానికి వేళాకోళం చేసే మనిషి, ఒక్క జోకు వేయలేదు.

"నీకు... ఎప్పటినుంచి అలా అనిపిస్తోంది?" అన్నాడు చివరికి, నా వంక చూడకుండా.

"సీజన్ మొదలైనప్పటినుంచీ."

"మీ అక్కతో మాట్లాడతాలే. వెళ్దాం. అందరం వెళ్దాం." పెళ్ళాం కోసం అంత బెంగపెట్టుకున్నాడని నాకు ఆయన మీద కొత్త గౌరవం పుట్టింది.

ఆ మధ్యాహ్నమే కోటలో మూడో అంతస్తుకు చేరాం.

మూడో అంతస్తంటే నాకు చిన్నప్పుడు ప్రాణం మీదికి వచ్చేది. సాలీళ్ళ గది అక్కడే ఉంది. అవి పైకప్పు నుంచి దిగి ముందు దీపాన్నే పట్టుకుంటాయి. దానికి తప్పించుకునే దారి మేమే కనిపెట్టాం. తల లేని విగ్రహం పక్కన ఒక గోడ ఉంది, చూడ్డానికి గోడే గానీ నేరుగా నడిచి వెళ్ళిపోవచ్చు. ఆట తయారుచేసినవాళ్ళ పొరపాటో, కావాలని పెట్టిందో తెలియదు. మేం దానికి దొంగగోడ అని పేరు పెట్టుకున్నాం. క్లాసులో ఎవరికీ చెప్పకూడదని ఒట్టు కూడా వేసుకున్నాం. నా తొమ్మిదేళ్ళ బతుకులో అదే పెద్ద రహస్యం.

విగ్రహం దగ్గరికి రాగానే అక్క ఆగింది.

"దొంగగోడ ఎటువైపే?"

"కుడివైపు," అన్నాను ఠక్కున.

నేను నా మంత్రగత్తెను కుడివైపు నడిపించాను. గోడకు కొట్టుకుని ఆగిపోయింది. కాస్త పైకి, కాస్త కిందికి జరిపి చూశాను. గోడ గోడలాగే ఉంది.

"ఎడమవైపేమోనే," అంది అక్క చాలా మెల్లగా.

"ఎడమవైపు సాలీళ్ళ గది కదక్కా! నీకు గుర్తులేదు. కొత్త సున్నం కొట్టేటప్పుడు దొంగగోడను పూడ్చేసుంటారు వీళ్ళు."

"అయితే పాతదాంట్లో చూద్దాం."

బటన్ నొక్కింది. గళ్ళగళ్ళ గోడలు, గళ్ళగళ్ళ విగ్రహం వచ్చాయి. సంగీతం కూడా పాతదే, గొంతు పట్టేసిన ఈలలాంటిది. నేను మళ్ళీ కుడివైపు నడిచాను. గోడ. మళ్ళీ నడిచాను. గోడ. రిమోట్ మీద నా బొటనవేలు తెల్లబడిపోయింది.

అక్క యోధురాలు ఎడమవైపు తిరిగింది, నా దీపం వెలుగు దాటి నడిచింది. గోడ అడ్డుకోలేదు. అవతల మెట్లు కనిపించాయి.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "పాతది కూడా మార్చేశారు వీళ్ళు."

నేను తిరిగి తన వంక చూశాను. నా లెక్క ప్రకారం ఇప్పుడు అక్క ఎగిరి గంతెయ్యాలి. తన జ్ఞాపకం పదిలంగా ఉందని తేలింది కదా. కానీ అక్క చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి. తుడుచుకోవడం కూడా లేదు. తలుపు దగ్గర బావ టీ కప్పులు పట్టుకుని వచ్చి, మమ్మల్ని చూసి, వచ్చిన కాళ్ళతోనే వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఈ ఆట ఎవరికోసం కొన్నావక్కా?" అన్నాను.

అక్క రిమోట్ కింద పెట్టింది.

"చెప్పు. నీకోసమే కదూ?"

"నీకోసమేనే చిన్నదానా."

ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాను గాలి వేడిగా కొడుతోంది, నాకు మాత్రం పళ్ళు కొట్టుకున్నాయి.

"ఐరన్ వదిలేసింది నువ్వు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆరోజు పన్ను నొప్పని నేను సాయంత్రమే ఇంటికొచ్చేశాను. షట్టర్ వేసింది నువ్వే."

"మాస్టారి కోటు?"

"మర్నాడు పన్ను పీకించుకోవడానికి వెళ్ళానే. మాస్టారు కోటు ఇచ్చిన ఆ పూటంతా కౌంటర్లో నువ్వే ఉన్నావు."

"అంతేనా? ఇంకేమీ లేదుగా?" అని అరిచాను. "కర్టెన్ల రోజు ఆలస్యమైంది రోడ్డు తవ్వారని. అది కూడా నామీదే రుద్దుతావా?"

అక్క నా రెండు చేతులూ పట్టుకుంది.

"రోడ్డు తవ్వింది పోయినేడాదమ్మా."

గోతులూ, ఎర్రజెండాలూ, దుమ్మూ అన్నీ కళ్ళముందు ఉన్నాయి. కానీ వాటి పక్కన నేను చేతిలో గొడుగుతో నడుస్తున్నాను. వాన పడుతోంది. ఈ ఏడు ఇంకా వాన చుక్క పడలేదు.

భయం పోవాలంటే నాకు తెలిసిన దారి ఒక్కటే, కోపం. "నన్ను పరీక్ష పెట్టావా? పసిపిల్లకు పెట్టినట్టు, ఆట తెచ్చి, పక్కన కూచుని, తెలియనట్టు నటించి! సిగ్గులేదూ?" అని నోటికొచ్చింది తిట్టాను.

"మరి నువ్వు నాకు పెట్టలేదూ?" అంది అక్క ఏడుస్తూనే. "మీ బావతో పొద్దున ఏం చెప్పావో నాకు తెలియదనుకున్నావా?"

అది నిజమే. ఒకరినొకరు దొంగను చూసినట్టు చూసుకుంటూ తిరిగాం ఇన్నాళ్ళూ. గొడుగులు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. అక్కకు కూడా అదే గుర్తొచ్చినట్టుంది. ఇద్దరం నవ్వుతూ మొదలుపెట్టి, ఎక్కడ ఏడుపులోకి దిగామో తెలియలేదు.

"నాకు భయంగా ఉందక్కా," అన్నాను.

"నాకూనే," అంది. "నీకంటే ఎక్కువ."

డాక్టరమ్మ మంచి మనిషి. మా ఆట కథంతా విని, "గోడ కుడివైపో ఎడమవైపో అన్నదాంతో ఏమీ తేలదమ్మా, నాకు మా పాత ఇంటి స్విచ్చులే గుర్తులేవు," అని నవ్వించింది. ఆ నవ్వుతో నాకు కాస్త ఆశ పుట్టింది. తర్వాత ఆవిడ నన్ను చాలా అడిగింది, గడియారం బొమ్మ గీయించింది, తలను యంత్రంలో పెట్టి చూసింది. రక్తం తీసేటప్పుడు అక్క తన చెయ్యి కూడా చాపింది.

"నీకెందుకక్కా ఇప్పుడు?"

"ఇన్నేళ్ళూ తప్పించుకుంది ఇద్దరం కదా. తెలుసుకునేదీ ఇద్దరం కలిసే."

ఫలితాలు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఫోను మోగితే ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం. చివరికి డాక్టరమ్మ పిలిపించి, ఎదురుగా కూచోబెట్టి చెప్పింది. నాకు మొదలైంది. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి మందులతో కొన్నాళ్ళు నిదానంగా నడిపించవచ్చు, ఆపడం మాత్రం ఎవరివల్లా కాదు. అక్కకు లేదు. నాకుందని విన్నప్పుడు రాయిలా కూచున్న మనిషి, తనకు లేదని వినగానే బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ పొరపాటున ఒకరిది ఒకరికి చెప్పానేమోనని కాగితాలు మళ్ళీ చూసుకుంది.

ఆ తర్వాత షాపులో నా చోటు మారింది. కౌంటర్ వద్దన్నారు. మరకలు తీయడం నా చేతులకు వచ్చిన పని, అది నాదే. ఇస్త్రీ మాత్రం అక్క కళ్ళముందు ఉంటేనే. బావ తన లిఫ్టుల తెలివంతా వాడి, షట్టర్ దించగానే కరెంటు దానంతటదే పోయేలా ఏదో అమర్చాడు. "మరదలా, ఇక నువ్వు కావాలన్నా షాపు తగలబెట్టలేవు," అన్నాడు. నవ్వాను. పొద్దున్నే లేవగానే మాత్రం పక్క మీద కూచుని అందరి పేర్లూ లోపల అనుకుంటాను. అక్క పేరు, బావ పేరు, మాస్టారి పేరు, అమ్మ పేరు. అన్నీ ఉన్నాయని తేలాకే కాలు కింద పెడతాను. ఏదో ఒకరోజు ఒకటి తక్కువవుతుంది. అది తక్కువైనట్టు నాకు తెలుస్తుందా లేదా అన్నదే నా అసలు భయం. అమ్మకు తెలియలేదు.

సీజన్ అయిపోయింది. కోట్లన్నీ ఎవరివి వాళ్ళ ఇళ్ళకు చేరాయి, కొక్కేలు ఖాళీగా ఊగుతున్నాయి. మొదటి వాన పడిన ఆదివారం మధ్యాహ్నం అక్క మళ్ళీ ఆట పెట్టింది. అది పెట్టొద్దని నేను ఎన్నిసార్లు అన్నానో!

"పరీక్ష కాదే. ఒట్టు. ఊరికే ఆడదాం."

బావ కూడా వచ్చి కూచున్నాడు. "కొత్తదాంట్లో ఆడండి. మరదలు వెనకబడినా బుడగలో వచ్చేస్తుంది. దారి గుర్తుండక్కర్లేదు, హాయి," అన్నాడు. మంచికే అన్నాడు.

"వద్దు," అంది అక్క. బటన్ నొక్కి పాతదానికి మార్చింది.

దొంగగోడ దాటాం. ఈసారి అక్క ఎటు తిరిగితే నేనూ అటే తిరిగాను. మెట్లు దిగితే పెద్ద హాలు, చుట్టూ తలుపులే. అక్క చకచకా హాలు దాటి అవతలి అంచుకు చేరింది. నేను మధ్యలో ఆగిపోయాను. ఏ తలుపులోంచి వచ్చామో, ఎటు పోవాలో తెలియలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. నా మంత్రగత్తె దీపం పట్టుకుని అటో అడుగు ఇటో అడుగు వేసి నిలబడిపోయింది. అక్క ఎక్కడుందో కూడా ఒక క్షణం కనిపించలేదు.

తర్వాత కనిపించింది. తెర అంచుకు ముక్కు ఆనించి, ఉన్నచోటే నడుస్తోంది. తెర కదలడంలేదు.

రావే మొద్దూ అని అరుస్తుందని ఎదురుచూశాను. అరిస్తే బాగుండుననిపించింది. అక్క అరవలేదు. బటన్ మీద నుంచి వేలు తీసేసింది. యోధురాలు కత్తి దించి, నా వైపు తిరిగి నిలబడింది.

"ఎటక్కా?" అన్నాను.

"తొందరేం లేదు. చూసుకుని రా," అంది అక్క. "నువ్వు రాకుండా ఇది ఎక్కడికీ పోదు."

బయట వాన పెరిగింది. బావ లేచి కిటికీ మూశాడు. నేను దీపం ఎత్తి, ముందు కనిపించిన తలుపు వైపు ఒక అడుగు వేశాను. అది కాదు. ఇంకోవైపు వేశాను. అక్క అక్కడే నిలబడి ఉంది.